ఎర్రమట్టి పూసిన కొమ్మ

మొన్న బొంగులూరు నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. కాళ్ళు కడుక్కుని, చాయ్ తాగుతూ, మాటల్లో మాటగా "గా చెట్లాయన పోయిండట వదినా. నిద్రల్నే పోయిండట, మంచిగ" అంది. అయ్యో అనాలి కదా. నాకు ముందుగా తోచింది మాత్రం, హమ్మయ్య, ఇక అతన్నెవరూ ఏమీ చేయలేరు అని. పోలీసు చర్య జరిగి ఎన్నో ఏళ్ళయింది. ఆనాటి రజాకార్ల లారీలు ఏ పాత ఇనుము కొట్లోనో కరిగిపోయి ఉంటాయి. అయినా అతని కోసం భయపడటం నాకు పోలేదు. అతనికో పేరుండేది. ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, నేనూ ఇక్కడ రాయను. ఇంకా భయమేనా అంటే, అవును, ఇంకా భయమే.

ఇప్పుడు ఆ రోజుల గురించి ఎవరిని కదిపినా మీసం మెలేస్తారు. రజాకార్లకు ఎదురు నిలిచామంటారు, లారీ మీద రాళ్ళు రువ్వామంటారు. ఇబ్రహీంపట్నంలో అంతమంది వీరులుంటే నాకు ఒక్కరూ ఎందుకు కనబడలేదో తెలియదు. నేను చూసినవాళ్ళంతా లారీ చప్పుడు వినగానే జొన్న చేలల్లో దూరినవాళ్ళే. నేనూ మా అత్తా తలుపు గొళ్ళెం పెట్టి, దానికి రోలు అడ్డం జరిపి, దగ్గొచ్చినా కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నవాళ్ళమే. భయపడ్డానని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. చెట్లాయనకీ ఉండేది కాదు. మా ఇద్దరికీ పొత్తు కుదిరింది అందుకేనేమో.

నన్ను మంచాల అనే ఊరి పక్క పల్లె నుంచి ఇక్కడికిచ్చారు. నేను కాపురానికొచ్చేసరికే మామగారు లేరు. మా ఆయన పట్నంలో చదువుకుంటూ సెలవులకు వచ్చిపోయేవాడు. ఇంట్లో అత్తా నేనూ. చెరువు కింద ఒక మామిడితోట, పెరట్లో పెద్ద వేప. ఈ చెట్ల బాగోగులన్నీ అతనివే. కల్లు గీసే ఇంట పుట్టినా ఆ పని ఎప్పుడో మానేశాడు. ఎండు కొమ్మలు తీయడం, ఇంటి మీదికి వంగిన కొమ్మను గూన పెంకు పగలకుండా దించడం, మామిడికి పట్టి రసం పీల్చేసే బదనికను చెక్కి పారేయడం, కాయల బరువుకు వాలిపోయే కొమ్మకు పంగకర్ర ఊతం పెట్టడం, ఇదీ అతని బతుకు. మా ఊరే కాదు, చుట్టుపక్కల ఏ తోటకైనా అతనే.

నేల మీద ఉన్నంతసేపూ అతనికి అన్నీ భయమే. కుక్కంటే భయం, పక్కింటి కోడిపుంజంటే భయం, ఉరుమంటే భయం. వెనక నుంచి ఎవరైనా గట్టిగా పిలిస్తే ఎగిరిపడేవాడు. వాకిట్లోకి రాకముందే "అక్కా, కుక్కను కట్టేసినవా?" అని గోడవతల నుంచి గొంతు వినిపించేది. మా అత్త, "కట్టేసిన తమ్మీ, దానికి గూడ నీ మీద జాలే" అనేది. అంతటి పిరికివాడు నడుమునూ మానునూ కలిపి మోకు బిగించుకుని, మనం తలెత్తి చూస్తేనే కళ్ళు తిరిగే చోటికి వెళ్ళి కూర్చునేవాడు. నేనొకసారి ఉండబట్టలేక అడిగాను, పైన భయం కాదా మామా అని. "ఎందుకు గాదు బిడ్డా? నాకు మస్తు భయమైతది. గందుకే ఇంక బతికున్న" అన్నాడు. పరాచికానికి అన్న మాట కాదది.

ఆ భయంలోంచే అతని పని పుట్టింది. పెరటి వేప కొమ్మ ఒకటి పశువుల కొట్టం మీదికి వంగితే, దాన్ని తీయడానికి వచ్చాడు. ముందు చెట్టు చుట్టూ తిరిగాడు. గొడ్డలి వెనకవైపుతో మానును అక్కడక్కడా తట్టి చెవి ఆనించాడు, లోపల డొల్ల ఉందేమోనని. తర్వాత మమ్మల్ని ఇంట్లోకి పొమ్మన్నాడు. ఆవుల్ని విప్పించాడు. కోళ్ళను గంప కింద మూయించాడు. చెట్టెక్కి కూడా "అందరు లోపల్నే ఉన్నరా?" అని అరుస్తూనే ఉన్నాడు. మా అత్తకు విసుగొచ్చి, "పిల్లి బయటుంది తమ్మీ, దాన్ని గూడ పిలవాల్నా?" అంది. పైనుంచి సమాధానం వచ్చింది: "పిలువు అక్కా."

పిల్లి దొరికేదాకా గొడ్డలి ఎత్తలేదు.

కొట్టడమూ అలాగే. కొమ్మను ఎప్పుడూ పైనుంచి మొదలుపెట్టేవాడు కాదు. ముందు కింది నుంచి ఒక గాటు పెట్టేవాడు. ఆ తర్వాత కాస్త ఎడంగా, పైనుంచి. అలా చేస్తే కొమ్మ పడేటప్పుడు మాను బెరడును చీల్చుకుంటూ పోదు. పడిపోయాక మిగిలిన మొండిని, కొమ్మ పుట్టిన చోట ఉండే ముడత దాకా, చేతి రంపంతో నున్నగా కోసేవాడు. ఆ ముడతను మాత్రం ముట్టేవాడు కాదు. చివరికి నడుముకు కట్టుకున్న చిన్న మట్టి గురిగిలోంచి ఎర్రమట్టి, పేడ కలిపి పిసికిన ముద్ద తీసి ఆ గాయం మీద పూసేవాడు. అరచేత్తో గుండ్రంగా రుద్ది, చుట్టూ బొటనవేలితో అంచు నొక్కేవాడు. చూస్తే పిల్లకు బొట్టు పెట్టినట్టుండేది. "నీళ్ళు దిగుతయ్ బిడ్డా. దిగితే లోపట కుళ్ళుడు షురువైతది. మనకు ఎర్కనే గాదు" అనేవాడు. మా ఊళ్ళో ఏ వీధిలో తలెత్తినా చెట్ల మీద ఆ ఎర్రటి బొట్లు కనబడేవి. అది చెట్లాయన చెయ్యి అని పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు.

అలాంటి చెయ్యి ఆ రోజుల్లో ఉండకూడదు.

రోడ్డు మీద కొమ్మలు లారీలకు తగులుతున్నాయని పోలీసులు అతన్ని పట్టుకుపోయి వాటిని నరికించేవాళ్ళు. ఆ లారీలు రాకుండా చెట్లు పడగొట్టమని కమ్యూనిస్టు దళంవాళ్ళు అడిగేవాళ్ళని ఊళ్ళో గుసగుస. ఇద్దరి చేతుల్లోనూ తుపాకులే. కాదంటే ఇద్దరూ ఊరుకోరు. ఆ వానాకాలం అతను బాగా చిక్కిపోయాడు. మా ఇంటికి వస్తే మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని తాగడం మర్చిపోయి రోడ్డు వైపు చూస్తుండేవాడు. మా అత్త ఏమీ అడిగేది కాదు. తెలుసుకోకపోవడమే క్షేమమని అందరం అనుకున్న రోజులవి.

ఒక పొద్దున, ముసురు పట్టి ఉంది, నేనూ అత్తా కలుపు తీయడానికి చేనికి పోతున్నాం. ఊరు దాటగానే రోడ్డుకు అడ్డంగా చింతకొమ్మలు రెండు పడి ఉన్నాయి. కొమ్మలంటే మామూలువి కావు, ఒక్కొక్కటీ ఒక చెట్టంత. మరొకటి సగం తెగి పైన వేలాడుతోంది. దళంవాళ్ళ పనేనని చూడగానే తెలిసిపోయింది. తొందరగా దాటిపోదామని నేను చీర ఎగ్గట్టాను. అత్త కదల్లేదు. తలెత్తి చూస్తోంది.

"వీని చేతులిరుగ," అంది మెల్లగా. "పూసిండు గదనే!"

నేనూ చూశాను. పైన, నిచ్చెన కూడా అందనంత ఎత్తున, కొమ్మలు తెగిన చోట రెండు ఎర్రటి బొట్లు. తడిగా, గుండ్రంగా, అంచులు నొక్కి మరీ. రాత్రి దళంవాళ్ళ తుపాకీ కింద, ప్రాణం అరచేత పెట్టుకుని కొమ్మలు కొట్టినవాడు, దిగి పారిపోవాల్సినవాడు, ఆగి చెట్టుకు మందు పెట్టి వచ్చాడు! తన పేరు చెట్టు మీద రాసి వచ్చినా ఇంతకంటే బాగా తెలిసేది కాదు. దోటి తెచ్చి గీకేద్దామా అంది అత్త. అంత పొడుగు దోటి ఊళ్ళోనే లేదు. ఆ మాట ముగియకముందే లారీ వినబడింది.

పారిపోయే వీల్లేకపోయింది. ఠాణా అమీను దిగాడు, వెంట పోలీసులు, నలుగురైదుగురు రజాకార్లు. చుట్టుపక్కల చేలల్లో ఉన్నవాళ్ళందర్నీ పోగుచేసి రోడ్డు పక్కన నిలబెట్టారు. కొమ్మలు ఎవరు కొట్టారని అడిగారు. ఎవరూ నోరు విప్పలేదు. ఒక ముసలాయన్ను తుపాకీ మడమతో పొడిచారు. ఆయనా చెప్పలేదు. అక్కడున్న ప్రతి మనిషీ పైకి చూడకుండా ఉండటానికి ఎంత అవస్థపడ్డామో ఇప్పుడు చెప్పినా నమ్మరు. నేనైతే నా కాలి మట్టెలనే చూస్తూ నిలబడ్డాను.

రోడ్డు ఖాళీ చేయాలి, వేలాడే కొమ్మ దించాలి. అందుకని చెట్లెక్కేవాణ్ణి తెమ్మని లారీ పంపారు. అతన్ని తెచ్చారు. దిగగానే మా అత్తను చూశాడు. ఆమె కళ్ళతోనే పైకి చూపించింది. అతను చూశాడు. తను ఏం చేశాడో అతనికి అప్పుడే తెలిసిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. చెయ్యి తనంతట తానే గురిగి మీదికి వెళ్ళి, దాన్ని పంచె కింద దాచుకుంది.

చెట్టెక్కాడు. ఎక్కుతుంటే మోకు వణకడం కింద నుంచి మాకు కనబడింది. వేలాడే కొమ్మ దగ్గరకు చేరి, ఆ భయంలో కూడా, "జర దూరం జరుగుండ్రి సాబ్... మీద పడ్తది" అని బతిమాలాడు. తుపాకులున్నవాళ్ళు నవ్వారు. అయినా జరిగారు. కొమ్మ దించాక అమీను చెయ్యెత్తి చూపించాడు.

"ఏయ్! గా మిట్టీ ఏంది? ఎందుకు పూసిండ్రు? నువ్వు చెట్లోనివి గద, బోలో!"

పైనుంచి మాట రాలేదు. ఆ మౌనం ఇంకొంచెం సాగితే అదే సాక్ష్యమయ్యేది. అతను నోరు తెరిచాడు. "చెట్టుకు..." అన్నాడు. నిజమే చెప్పబోతున్నాడు. అబద్ధం ఆడటానికి కూడా కాస్త ధైర్యం కావాలి, అది అతని దగ్గర లేదు.

మా అత్త అరిచింది. "వానికేం ఎర్క సాబ్! వట్టి పిరికోడు, మాట్లాడరాదు వానికి. కొట్టిన కాడ తెల్లగ ఉంటది గద. లారీ లైటు వడితే దూరంకెల్లే కనబడ్తది. కనబడొద్దని పూసిండ్రు గావచ్చు."

అమీను ఆమెను చూశాడు, చెట్టును చూశాడు, రోడ్డును చూశాడు. మెల్లగా తలాడించాడు. ఆ మాట అతనికి బాగా నచ్చింది. శత్రువు తెలివిని తాను పట్టేశానన్నట్టు పక్కవాడికి అదే మాట మళ్ళీ తన మాటలా చెప్పాడు. బతికాం అనుకున్నాను.

లారీ ఎక్కుతూ అమీను వెనక్కి తిరిగాడు. "ఇగ సునో. మిట్టీ పూసిన చెట్టు ఏడ కనబడ్డా, గది దళంవాళ్ళ పని. ఆ చెట్టు ఎవనిదో వాన్నే పట్టుకపోత. సమజైందా?"

సమజైంది. అందరికీ ఒక్కసారే సమజైంది. లారీ మలుపు తిరగ్గానే జనం ఊళ్ళోకి పరుగెత్తారు. నిచ్చెనలు, దోట్లు, కొడవళ్ళు, ఏది దొరికితే అది. ప్రతి పెరట్లో, ప్రతి తోటలో, ఎన్నో ఏళ్ళుగా అతను పూసిన మట్టిని ఊరంతా గీకి పారేసింది. ఎక్కలేని చోట రాళ్ళతో కొట్టారు. ఎండి గట్టిపడ్డ మట్టి బెరడుతో సహా ఊడి వచ్చింది. బడి ముందరి చెట్టుకైతే గాయమంతా మళ్ళీ తెరుచుకుంది. గీకుతూ అతన్నే తిట్టారు, కొంపలు ముంచాడని. నిన్నటిదాకా జర మా చెట్టు చూడు అని వెంటపడ్డవాళ్ళే.

మా తోటకు అతనే వచ్చాడు. వానలో, తలకు గోనెసంచి కప్పుకుని, చెట్టు చెట్టుకూ ఎక్కి కొడవలితో తన పూత తానే తీశాడు. మా అత్త గట్టు మీద కూర్చుని, "నా నోట్లె మన్ను వొయ్య, గా మాటెందుకన్ననో" అని ఏడ్చింది. అతను పైనుంచే, "నువ్వనకుంటే నేనీడ లేకుంటి అక్కా, ఏడ్వకు" అన్నాడు. నాకు ఆమెను చూస్తే ఏడుపు రాలేదు. అతను గీకడం చూస్తే వచ్చింది. అంత భయంలోనూ బెరడుకు కొడవలి తగలకుండా, మట్టిని మాత్రమే తీస్తున్నాడు.

అది వానాకాలం. చలి మొదలవకముందే యూనియన్ సైన్యం వచ్చింది. జనం రోడ్ల మీదికి వచ్చి కేకలు వేశారు. నేనూ వెళ్ళాను, గొంతు పోయేలా అరిచాను. అతను రాలేదు. నాలుగు రోజులాగి అతనింటికి పోయి చెప్పాను, ఇక భయం లేదు మామా, వాళ్ళు పోయారని. తలుపు సందులోంచి చూసి, "కొత్త క్యాంపు ముంగట నిలవడ్డోన్ని చూసినవా? గా రోజు చెట్టు కింద ఉన్న పోలీసాయనే. టోపీ మారింది, గంతే. నన్ను చూసి తలూపిండు" అన్నాడు. అతను చెప్పింది నిజమే. కొత్తగా వచ్చినవాళ్ళు ఇప్పుడు దళంవాళ్ళ కోసం వెతుకుతున్నారు. రోడ్ల మీద చెట్లు ఎవరు కొట్టారని వాళ్ళూ అడుగుతున్నారు. దారి చూపించేది పాతవాళ్ళే.

ఆ తర్వాత అతని పని పాడైంది. మొదట్లో మట్టి పూయడం ఒక్కటే మానేశాడు. మెల్లగా కొమ్మలు మొండి వదిలేయడం, ముడతలోకి నరికేయడం మొదలైంది. ఊళ్ళోవాళ్ళు వయసు మీద పడిందన్నారు. ఇంకా నలభై కూడా దాటని మనిషికి వయసేమిటి! కల్లు అలవాటైందన్నారు. గౌరవం తగ్గింది, పిలిచేవాళ్ళూ తగ్గారు. మా అత్త మాత్రం ఎవరెన్ని చెప్పినా అతన్నే పిలిపించేది. చెట్లు చెడిపోతున్నాయని నేను సణిగితే, "చెడిపోనీ" అనేది.

దళాల రోజులు కూడా పూర్తిగా అయిపోయాక, మా ఆయన చదువు ముగించి ఊళ్ళోకి వచ్చేశాక, ఒక మధ్యాహ్నం తోటలో నేనూ అతనూ ఉన్నాం. మా మంచి మామిడికి బదనిక పట్టి ఒక కొమ్మ ఎండింది. అతను చెట్టు మీద ఉన్నాడు. నేను కింద అంబలి తెచ్చి కూర్చున్నాను. చుట్టూ ఎవరూ లేరు. ఎన్నాళ్ళుగానో లోపలున్నది అడిగేశాను.

"మామా, గా రాత్రి ఎందుకు పూసినవ్? తుపాకి నీ నెత్తి మీదుండె గద."

గొడ్డలిని కొమ్మకు ఆనించాడు. తర్వాత తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "దిగు దిగు అన్నరు బిడ్డా. నేను దిగుతున్ననే అనుకున్న. గీ చెయ్యి పోయి పూసొచ్చింది. నాకు ఎర్కనే లేదు."

"ఇప్పుడెవలున్నరు? ఇప్పుడన్న పుయ్యరాదు? మంచిగ కొట్టరాదు?"

"మంచిగ కొడితే నాదని ఎర్కైతది." ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. "గీ చేతికి చెడగొట్టుడు నేర్పనీకి ఎన్నేండ్లు వట్టిందో నీకు తెల్వది బిడ్డా. రాత్రి పండుకుని గూడ నేర్పిన. కింది గాటు పెట్టొద్దు, పెట్టొద్దు అని. మాట ఇననే ఇనకపోయేది. ఇప్పుడింటది."

అని గొడ్డలి ఎత్తి, పైనుంచే కొట్టాడు. కొమ్మ ఒరిగి, తెగకుండా, మాను బెరడును పొడుగునా చీల్చుకుంటూ కింద పడింది. తెల్లటి గాయం నా తలకంటే దిగువ దాకా తెరుచుకుంది. ఆ చప్పుడుకు నేను చెవులు మూసుకున్నాను. అతను మూసుకోలేదు. మోకు మీద వెనక్కి వాలి ఆ చీలికను పైనుంచి కింది దాకా పరీక్షగా చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. అతని కళ్ళలో ఉన్న ఆశను చూడలేక నేను అంబలి గిన్నె వైపు చూశాను.

"చెప్పు బిడ్డా," అన్నాడు. "గిది చూస్తే ఎవలన్న నాదంటరా?"

"అనరు మామా," అన్నాను. "ఎవ్వలనరు."

అప్పుడు గానీ చెట్టు దిగలేదు.